ఉగాదికి ఊరెళ్తున్నారా? పాత ఫొటోలూ పెద్దవాళ్ళ కబుర్లూ భద్రం చేసుకునే పని ఇలా మొదలుపెట్టండి

దాదాపు ప్రతి ఇంట్లోనూ అటక మీదో, మంచం కిందో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో ఫొటోలు, శుభలేఖలు, ఇన్‌లాండ్ లెటర్లు, ఎవరివో జాతకాలు, పాత పంచాంగాలు అన్నీ కలగాపులగంగా పడుంటాయి. వాటిలో ఎవరు ఎవరో చెప్పగలిగిన మనిషి మాత్రం ఆ ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటారు, అమ్మమ్మో, నానమ్మో, పెద్దమ్మో. ఫొటో మరకపడితే స్టూడియోలో కొంతవరకైనా బాగుచేయించుకోవచ్చు కానీ, ఆ ఫొటోలో వెనక వరసలో తల వంచుకుని నిలబడ్డ ఆవిడ పేరు తెలిసిన మనిషే లేకపోతే ఆ పేరు ఇంకెక్కడా దొరకదు. అందుకే ముందు మనుషుల దగ్గర కూర్చోండి, పెట్టె సంగతి ఆ తర్వాత.

దీనికి ఉగాది రోజులకంటే మంచి సమయం నాకు కనబడదు. వర్షాలుండవు, గాలిలో తేమ తక్కువ, పెట్టెలు తెరిచి కాగితాలు పరిచినా పాడవవు. పిల్లలకు ఒంటిపూట బళ్ళు. అన్నిటికంటే పెద్ద కారణం, ఈ రోజుల్లో ఇంట్లో కూర్చుని చేసే చేతిపని ఎక్కువ. కొత్త చింతపండు వస్తుంది, ఈనెలూ గింజలూ తీయాలి. ఎండుమిరపకాయలకు తొడిమలు తీయాలి. వేపపువ్వు దులపాలి, వడియాలు పెట్టాలి. పెద్దవాళ్ళు చేతిలో పని ఉన్నప్పుడు మాట్లాడినట్టు ఖాళీగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు. నేను ఇక్కడ చెప్పే పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

బయల్దేరే ముందు

ఫోన్‌లో జాగా ఖాళీ చేసుకోండి, పాత వీడియోలు కంప్యూటర్‌లోకి మార్చేయండి. ఒక మెత్తటి పెన్సిల్ (2బి లేదా 4బి), కాగితం కవర్లు, పొడిగా ఉండే మెత్తటి బ్రష్, ఒక నోటుబుక్కు, డెంటల్ ఫ్లాస్ దారం, వీలైతే పాత ఫొటోలు పట్టేంత అట్టపెట్టె. అంతే. ప్రత్యేకంగా మైకు కొనాల్సిన పనిలేదు, దగ్గరగా పెట్టుకుంటే ఫోన్ మైకు సరిపోతుంది.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఒక ఫోన్ చేసి, "ఉగాదికి బూజులు దులిపేటప్పుడు పాత కాగితాలు ఏవీ పారెయ్యకండి, నేను వచ్చి చూస్తాను" అని గట్టిగా చెప్పండి. పండగ ముందు ఇల్లు సర్దడంలోనే చాలా ఇళ్ళల్లో సగం చరిత్ర పాతసామాన్లవాడి తక్కెట్లోకి వెళ్ళిపోతుంది. ముఖ్యంగా పాత పంచాంగాలు. పురుళ్ళు, పెళ్ళిళ్ళు, ఇంటికి పునాది వేసిన రోజు, ఆవు ఈనిన రోజు కూడా పంచాంగం అంచుల్లో రాసుకునే అలవాటు చాలామందికి ఉండేది. రామాయణం పుస్తకం మొదటి పేజీలోనో, బీరువా తలుపు లోపలివైపో పిల్లల పుట్టిన తేదీ, నక్షత్రం రాసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. అవన్నీ ఫొటో తీయాల్సినవే.

చేతిలో పని పెట్టుకుని కూర్చోండి

పొద్దున్న కాఫీ అయ్యాక గానీ, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక గానీ మొదలుపెట్టండి. భోజనం ముందు వద్దు, మనసంతా పొయ్యి మీదే ఉంటుంది. వసారాలో చాప వేసి, చింతపండు బుట్ట మధ్యలో పెట్టి, మీరూ ఒక పీట వేసుకుని కూర్చోండి. మీరూ పని చేయాలి, చూస్తూ కూర్చోకూడదు. రెండు చేతులూ జిగటగా అయిపోతాయి కాబట్టి రికార్డింగ్ ముందే ఆన్ చేసి ఫోన్‌ని మడతపెట్టిన తుండుగుడ్డ మీద, అమ్మమ్మకో నానమ్మకో మూరెడు దూరంలో ఉంచండి.

ఒకసారి గమనించి చూడండి ఆ చేతుల్ని. బొటనవేలితో చింతపండు మధ్యకు విప్పి, ఈనె ఒక్క లాగులో లాగేసి, గింజ పక్కకు చిమ్మి, పండు ఇంకో పళ్ళెంలోకి, ఇదంతా కిందికి చూడకుండానే జరిగిపోతుంది. గింజలు ఒక గుప్పెడు పోగయ్యేసరికి ఆవిడే అంటుంది, "వీటితో వామనగుంటలు ఆడేవాళ్ళం, మా అక్క తొండి చేసేది" అని. ఇక మీరు అడగాల్సింది చాలా తక్కువ. ఆ అక్క పేరేమిటి, ఎక్కడికిచ్చారు, ఎంతమంది పిల్లలు, ఒక్కొక్కటీ మెల్లగా అడగండి. గింజల దగ్గర మొదలైన మాట అరగంటలో ఒక పెళ్ళి దాకా వెళ్తుంది.

తాతయ్యల దగ్గర ఈ చిట్కా కొంచెం వేరుగా పనిచేస్తుంది. చాలామంది కూర్చుని చెప్పరు, నడుస్తూ చెప్తారు. పొలం గట్టు మీదకో, చెరువు దాకానో, పాత బడి వైపో మీతో తీసుకెళ్ళండి. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకోమనండి, మైకు ఉన్న వైపు పైకి ఉండాలి.

ఏమడగాలి, ఏమడగకూడదు

"మీ చిన్నప్పటి విషయాలు చెప్పండి" అని అడిగితే "ఏముందిరా చెప్పడానికి, అందరిలాగే పెరిగాం" అనే జవాబు తప్ప ఏమీ రాదు. పెద్ద ప్రశ్నలు వద్దు. చేత్తో పట్టుకోగలిగిన చిన్న వస్తువు గురించి అడగండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు, బిందె ఇత్తడిదా, కుండా? దొడ్లో ఏ చెట్లుండేవి, ఏ చెట్టు మామిడికాయ ఆవకాయకి, ఏది పప్పులోకి? ఉగాదికి కొత్త బట్టలు కొనేవాళ్ళా, కుట్టించేవాళ్ళా, అందరికీ ఒకే తానులోంచి చింపేవాళ్ళా? పెళ్ళికి ఎడ్లబండి మీద వెళ్ళారా, బస్సులోనా, పడవలోనా? ఇంట్లో మొదటి రేడియో ఎప్పుడొచ్చింది, కరెంటు ఎప్పుడొచ్చింది?

ఉగాది పచ్చడి గురించి తప్పకుండా అడగండి. గోదావరి వైపు గట్టిగా చేస్తారు, తెలంగాణలో చాలా ఇళ్ళల్లో కొత్త కుండలో పల్చగా, తాగేలా చేసి, పుట్నాలపప్పు, అరటిపండు ముక్కలు వేసుకుంటారు, ఆ రోజు బక్షాలు (బొబ్బట్లు) ఉండాల్సిందే. మీ నానమ్మ పుట్టిన ఊళ్ళో ఒకలా, మెట్టిన ఊళ్ళో ఇంకోలా చేసి ఉండొచ్చు. కాపురానికొచ్చిన మొదటి ఉగాదికి పచ్చడి ఎవరు కలిపారు అని అడిగి చూడండి, అత్తగారి గురించి అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాటలు బయటికొస్తాయి.

నాకు బాగా నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. పాత ఇల్లు కూలిపోయి ఉంటే, లేదా అమ్మేసి ఉంటే, ఆ ఇంటిని ముగ్గుపిండితో నేల మీద వెయ్యమనండి. వీధి అరుగు ఎక్కడ, మండువా ఎక్కడ, వంటిల్లు, నుయ్యి, గొడ్ల సావిడి, పురిటి గది ఎక్కడ. ముగ్గు వేసే చెయ్యి కాబట్టి గీతలు తడుముకోవు, గది గీసినప్పుడల్లా ఆ గదిలో జరిగింది గుర్తొస్తుంది. పూర్తయ్యాక కుర్చీ ఎక్కి పైనుంచి ఫొటో తీసి, అదే బొమ్మను నోటుబుక్కులో పేర్లతో సహా దించుకోండి.

చెప్తున్నప్పుడు తప్పులు సరిదిద్దొద్దు. "కాదు నానమ్మా, అది డెబ్భైరెండులో" అన్నారంటే ఆ మాట అక్కడితో తెగిపోతుంది. పక్కనుంచి బాబాయి అందుకుని "నేను చెప్తా ఆగు" అంటే, బాబాయికి విడిగా ఇంకో రోజు కేటాయించండి. ఒకే సంఘటన ఇద్దరూ రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి. కన్నీళ్ళొస్తే మాట మార్చకండి, రికార్డింగ్ ఆపి పక్కన కూర్చోండి, ఆవిడే మళ్ళీ మొదలుపెడితే అప్పుడు ఆన్ చేయొచ్చా అని అడగండి. అరగంట, ముప్పావుగంట చాలు, అలిసిపోయేదాకా లాగొద్దు.

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళుంటే ఫొటో చూపించి "ఇదెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి. తెలియకపోతే వాళ్ళకు చాలా బాధగా, టెన్షన్‌గా ఉంటుంది. "ఇదిగో మీ తమ్ముడు, ఎంత బాగున్నాడో" అని మీరే చెప్పి ఊరుకోండి. ఆ రోజు తమ్ముడి మాట రావచ్చు, రాకపోవచ్చు.

రికార్డింగ్‌లో చూసుకోవాల్సినవి

ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. టీవీ కట్టేయండి, ఫ్యాను గాలి నేరుగా మైకు మీదకు రాకుండా చూడండి. మొదలుపెట్టగానే మీ గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడేవారి పూర్తి పేరు చెప్పండి, ఇరవై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకు ఫైల్ పేరు చెరిగిపోయినా ఇది మిగులుతుంది. వీడియో అయితే కొంతమంది బిగుసుకుపోతారు, చీర సర్దుకుంటారు, భాష కూడా మారిపోతుంది. మొదట గొంతు మాత్రం, అలవాటయ్యాక వీడియో.

రికార్డ్ చేస్తున్నట్టు చెప్పకుండా మాత్రం చేయొద్దు. అయిపోయాక "ఇందులో ఏదైనా తీసెయ్యమంటారా?" అని అడగండి. ఆస్తి పంపకాలు, కులం మాటలు, ఇంట్లో జరిగిన అవమానాలు బయటకు వస్తాయి. అవి మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడాల్సినవి కావు.

ఏ సంవత్సరమో తేల్చుకోవడం

తేదీ అడిగితే చెప్పలేని వాళ్ళు, "తుఫాను ముందా తర్వాతా" అంటే టక్కున చెప్పేస్తారు. అందుకని కొన్ని తేదీలు మీ నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి, కాబట్టి అణాలతో బడికెళ్ళినవాళ్ళ చిన్నతనం అంతకుముందుదో, ఆ చుట్టుపక్కల ఏళ్ళదో. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన. 1979 జూలైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మన మీద పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు భయపడ్డాయి, కోళ్ళు, మేకలు కోసుకు తిన్నారని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి జనం తలుపులు వేసుకుని ఇళ్ళల్లోనే ఉండిపోయారు. 1986 ఆగస్టులో గోదావరి వరద, 1996 నవంబర్‌లో కోనసీమ తుఫాను. మీ ఊరిదంటూ ఒక కరువో, ఒక పుష్కరమో, గుడి ప్రతిష్ఠో తప్పకుండా ఉంటుంది, దాన్నీ చేర్చండి.

తెలుగు సంవత్సరం పేరు చెప్తే మరీ మంచిది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి పొరపాటు పడే వీల్లేదు. 1987 ఉగాదితో ప్రభవ మొదలైంది, అక్కణ్ణుంచి వేళ్ళ మీద లెక్కేసుకోవచ్చు. 2026 ఉగాదితో మొదలైన పరాభవ అంతకుముందు 1966–67లో వచ్చింది. ఒకావిడ "నేను పరాభవలో పుట్టాను" అన్నారంటే 1966 ఉగాదికి, 1967 ఉగాదికి మధ్య పుట్టినట్టు. ఆధార్ కార్డులో జనవరి 1 అనో, జూలై 1 అనో ఉన్న పుట్టినరోజు కంటే దీన్నే నమ్మండి, బళ్ళో వేసేటప్పుడు మాస్టారు అందరికీ ఒకే తేదీ రాసేసిన రోజులవి.

ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది. శుభలేఖల్లో అయితే ముహూర్తంతో పాటు రెండువైపుల తాతల పేర్లు కూడా దొరుకుతాయి, కాబట్టి పసుపు మరకలున్న శుభలేఖ కనబడితే పారేయకండి.

ఫొటోల దగ్గరకు వస్తే

చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక ముట్టుకోండి. చింతపండు పని చేసిన రోజు పాత ఫొటోలు పెట్టెలోంచి బయటికి తీయొద్దు. ఉతికిన పాత దుప్పటి పరిచి, ఫొటోలు అంచుల దగ్గర పట్టుకుని ఒక్కొక్కటీ పేర్చండి. దుమ్ము పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డతో తుడవొద్దు, బూజు పట్టిన వాటిని అసలే తుడవొద్దు, ఫొటో పైపొర లేచి వచ్చేస్తుంది.

ఎనభైలలో, తొంభైలలో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన పారదర్శకమైన కాగితం ఉండేవి, ఫొటోలకు చాలా చెడు చేస్తాయి. ఫొటో వెనకగా డెంటల్ ఫ్లాస్ దారాన్ని దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగుతూ విడదీయండి. రాకపోతే బలవంతం చేయకుండా పేజీ మొత్తాన్ని అలాగే ఫొటో తీయండి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటో కూడా అంతే, అద్దం మీదనుంచే, వెలుతురు పడి మెరవకుండా కాస్త చూసుకుని తీయండి. నెగటివ్‌లు కనబడితే మాత్రం బంగారంలా చూసుకోండి, చాలాసార్లు ప్రింటు కంటే వాటిలోనే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. అంచులు పట్టుకుని కాగితం కవర్లో వేసి, ఇంకా స్కాన్ చేస్తున్న స్టూడియోకి తీసుకెళ్ళండి.

స్కానర్ ఉంటే చిన్న నలుపు తెలుపు ప్రింట్లు 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), పెద్దవి 300లో తీస్తే సరిపోతుంది. లేకపోతే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన ఫొటో బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని బల్లకు సమాంతరంగా పట్టుకుని తీయండి. వెనకవైపు కూడా తప్పనిసరిగా తీయాలి, స్టూడియో ముద్ర, ఊరు పేరు, ఎవరో రాసిన రెండు ముక్కలు అక్కడే ఉంటాయి.

పెళ్ళి వీడియో క్యాసెట్లున్నాయా? టేపు మీద తెల్లటి బూజు కనబడితే వీసీఆర్‌లో పెట్టొద్దు, డిజిటల్‌లోకి మార్చేవాళ్ళకే నేరుగా ఇవ్వండి, ఈ పని మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

పేర్లు

ఫొటో వెనక బాల్ పెన్‌తో రాస్తే ముందువైపు అచ్చు పడుతుంది. పెన్సిల్‌తో, ఒత్తకుండా, అంచున రాయండి. నున్నటి రంగు ఫొటోల మీద పెన్సిల్ పడదు, వాటికి కవరు మీద రాయండి. గ్రూపు ఫొటోకి ఒక జిరాక్స్ తీసి, ఒక్కో తల మీద అంకె వేసి, కింద పేర్ల పట్టిక రాస్తే ఎప్పటికీ గందరగోళం ఉండదు.

"రాజమండ్రి పిన్ని", "కరీంనగర్ అత్త" అని రాయకండి. మీకు ఆవిడ పిన్ని, మీ పిల్లలకు ఏమవుతుందో వాళ్ళకే సరిగ్గా తెలియదు, మీ మనవలకైతే అసలే తెలియదు. అసలు పేరు, ఇంటిపేరు, ముఖ్యంగా ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. తాతముత్తాతల పేర్లు నాలుగు తరాలు చెప్పగలిగే ఇళ్ళల్లో కూడా ముత్తవ్వ పుట్టింటివారెవరో అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆస్తి కాగితాల్లో మగవాళ్ళ పేర్లు ఎలాగూ మిగులుతాయి. ఆడవాళ్ళవి మీరు ఇప్పుడు రాస్తేనే ఉంటాయి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, సమయం ఒక్క గంటే ఉందంటే ఆ గంట దీనికే పెట్టండి.

వంటల కొలతలు

"సోలెడు ఉప్పు, తవ్వెడు కారం" అని రాసుకుంటే లాభం లేదు, ఊరికో సోల, ఇంటికో గిద్ద. ఆవిడ వాడే గిన్నెనే తీసుకుని, నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళను మిల్లీలీటర్ల గీతలున్న కప్పులోకి వంచి కొలవండి. "చూపుడు వేలు మొదటి గీత దాకా నూనె తేలాలి" అంటే జాడీలో స్కేలు పెట్టి చూడండి. పిడికెడు అన్నప్పుడు ఆవిడ పిడికిలిలోదే తూకం వేయండి, మీది కాదు. వేపపువ్వు ఎండబెట్టడం, వడియాల పిండి ఎంత పల్చగా ఉండాలి, ఇలాంటివి మాటల్లో రావు, చేతుల్ని దగ్గరగా వీడియో తీయండి.

తిరిగొచ్చాక

వారంలోపే ఒకసారి విని, ఏ నిమిషం దగ్గర ఏముందో రెండేసి ముక్కల్లో రాసుకోండి, లేకపోతే మళ్ళీ ఎవరూ వినరు. ఫైల్ పేరులో సంవత్సరం ముందు పెట్టండి: 1974_పెళ్ళి_ఏలూరు_01. ఖచ్చితంగా తెలియకపోతే "1970 ప్రాంతం" అని రాయండి. మూడు చోట్ల ఉంచండి, కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఆ హార్డ్ డిస్క్ ఇంకో ఊళ్ళో ఉన్న అన్నయ్య దగ్గరో, వదిన దగ్గరో ఉంటే ఇంకా నయం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. అమ్మానాన్నలు మీ దగ్గరకు వచ్చి ఆరు నెలలుంటారు కదా, మీరు ఆఫీసుకెళ్తే రోజంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. స్కాన్ చేసిన ఫొటోలు టీవీలో పెట్టి, వాళ్ళకిష్టమైన పని ఏదైనా, పప్పు ఏరడమో, బట్టలు మడతపెట్టడమో, కలిసి చేస్తూ అడగండి. చైత్రమాసం అక్కడా వస్తుంది.

అసలు ఫొటోలు మాత్రం ఊరినుంచి సూట్‌కేసులో వేసుకొచ్చేయకండి. అవి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళవి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు తీసేసి కాగితం కవర్లలో సర్ది, అట్టపెట్టెలో పెట్టి, అటక మీద కాకుండా, వానకు నెమ్ము పట్టే గోడకు ఆనకుండా, లోపలి గదిలో ఇనప బీరువా మధ్య అరలో ఉంచండి. పచ్చి వేపాకు పెట్టొద్దు, తేమ వస్తుంది. పెట్టె మూత మీద లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాసి, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఇంట్లో మరో ఇద్దరికి చెప్పి రండి.